ఆడబిడ్డకు వాటా ఇస్తే పోయేది గోండుల భూమా, మగవాడి పెద్దరికమా?

ఏజెన్సీ ముచ్చట: 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు ఆడబిడ్డ వారసులకూ సమాన వాటా ఉందంది. 1956 హిందూ వారసత్వ చట్టం ఎస్టీలకు వర్తించదు. అయినా ఆడవాళ్ళకు వాటా లేదనే ఆచారాన్ని ఎవరూ రుజువు చేయలేదు కాబట్టి సమానత్వమే న్యాయమంది. ఆదిలాబాద్ వాళ్ళేమంటారు?

ఉట్నూరు పోరడు: నేను ఒప్పుకోను. మా చెలక (మెట్ట చేను) ఒక్కడి ఆస్తి కాదు, ఇంటిపేరుది, పెర్సాపేన్‌ది, అంటే మా వంశ దేవుడిది. పెళ్ళయిన పిల్ల వేరే పేన్‌కు మొక్కుతది. బయటోణ్ణి చేసుకుంటే భూమి వాడి చేతికే పోతది. కాపాడే బాధ్యత మగోళ్ళదే.

కెస్లాపూర్ కోడలు: తమ్ముడూ, 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి అమ్మినా, దానమిచ్చినా చెల్లదు, వాడు భర్తయినా సరే. బినామీలు లేవనను. మన పిల్లను చేసుకుని ఆమె పేరున చేను కొనే షావుకార్లున్నారు. మన పాలేరు పేరున పట్టా పెట్టి దున్నుకునేవాళ్ళు మాత్రం తక్కువా? ఆ పాలేరు మగవాడే కదా. అందుకని మగవాళ్ళకు భూమి వద్దని మన పెద్దల పంచాయితీ అయిన ఏ రాయ్ సెంటర్‌లోనైనా తీర్మానం చేశారా?

అసలు సంగతి వేరే. బయటివాళ్ళకు గోండు మగవాడంటే రెండే బొమ్మలు: తుపాకి పట్టిన కొమురం భీమ్, లేదంటే తాగి పడిపోయినవాడు. పోడు దగ్గర ఫారెస్టోళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషికి, ఇంట్లో పెద్దరికం చూపించుకోను మిగిలింది ఆ చెలకే. చెల్లి వాటా అడిగితే భయం అందుకే. (మన దండారి పండగ ఆటల్లో చీర కట్టి పోరిక్ వేషంలో ఆడేది మన కుర్రాళ్ళే. వాళ్ళ మగతనానికి ఏమైనా అయిందా?)

ఉట్నూరు పోరడు: అక్కా, పాలేరు మాట నిజమే. కానీ వాడు బినామీ అని తేలితే భూమి వెనక్కి రప్పించొచ్చు. పెళ్ళి బినామీ అని ఎవరు తేలుస్తరు? సంసారాన్ని కోర్టుకు లాగుదామా?

కెస్లాపూర్ కోడలు: అది కష్టమే, కాదనను. బయటోణ్ణి చేసుకున్న పిల్ల సంగతి అక్కడే ఆపు కాసేపు. గోండునే చేసుకున్న చెల్లికి, మొగుడు వదిలేస్తే పుట్టింటికి తిరిగొచ్చిన అక్కకు ఎందుకు వద్దో ముందు చెప్పు.