‘లెస్’, ‘ఫ్యూయర్’: ఈ తేడా వ్యాకరణమా, అభిరుచా?

గోదారిగట్టు:
‘నో లెస్ దాన్ ఫిఫ్టీ పర్సన్స్’ వంటి వాక్యమిచ్చి అందులో తప్పు పట్టమని పోటీ పరీక్షల్లో తరచుగా అడుగుతారు. లెక్కపెట్టగలిగిన వాటికి ‘ఫ్యూయర్’, పరిమాణానికి ‘లెస్’ రావాలన్నది అక్కడి సూత్రం. ఈ కట్టుబాటు అవసరమేనని నా వాదన. ‘ఫ్యూయర్ ఎక్స్‌పీరియన్స్‌డ్ టీచర్స్’ అంటే అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు తక్కువమంది ఉన్నారని, అక్కడే ‘లెస్’ పెడితే ఉన్నవారికి అనుభవం తక్కువని అర్థం. సూత్రాన్ని వదిలేస్తే ఈ భేదం చెరిగిపోతుంది.

పాతపలక:
మీ ఉదాహరణ బాగుంది కానీ, అక్కడ ‘మోర్’ పెట్టి చూడండి: ఎక్కువమంది అనుభవజ్ఞులా, ఎక్కువ అనుభవం గలవారా అన్న సందిగ్ధత అలాగే ఉంటుంది. దాన్ని తీర్చడానికి ఎవరూ సూత్రం కట్టలేదు, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటున్నారు. ఇక చరిత్ర చూస్తే, తొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని ఆల్‌ఫ్రెడ్ రాజు రాతల్లోనే మాటల సంఖ్య తక్కువని చెప్పడానికి ‘లెస్’ పూర్వరూపం కనిపిస్తుంది. అప్పట్లో దాని వెంట వచ్చే నామం షష్ఠీ విభక్తిలో ఉండేది, అంటే ‘మాటలలో తక్కువ’ అన్నట్టు. కాలక్రమంలో ఆ ప్రత్యయాలు రాలిపోయి ‘లెస్ వర్డ్స్’ మిగిలింది. 1770లో ఇంగ్లీషు వాడుకపై పుస్తకం వెలువరించిన రాబర్ట్ బేకర్ అందులో, సంఖ్య విషయంలో ‘ఫ్యూయర్’ మెరుగని తనకు తోస్తున్నదని రాశాడు. జనం ఎక్కువగా ‘లెస్’ అనే అంటున్నారని ఆయనే ఒప్పుకున్నాడు. ఒకరి అభిరుచి తర్వాతివారి చేతుల్లో శాసనమైంది.

గోదారిగట్టు:
పుట్టుక ఏదైనా, చదువుకున్నవారి రాతలో నేడు అది స్థిరపడిన మర్యాద. 2008లో బ్రిటన్‌లోని టెస్కో దుకాణాలు, కొద్ది సరుకులే కొన్నవారి బిల్లు కౌంటర్ల దగ్గరి ‘టెన్ ఐటెమ్స్ ఆర్ లెస్’ బోర్డులను విమర్శల వల్లే మార్చవలసి వచ్చింది కదా?

పాతపలక:
మార్చి ఏం పెట్టారో చూడండి: ‘అప్ టు టెన్ ఐటెమ్స్’. ‘ఫ్యూయర్’ జోలికే పోలేదు!

మధ్యేమార్గం:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. కిలోమీటర్లు, రూపాయలు, సంవత్సరాలు లెక్కకు అందేవే అయినా, ‘లెస్ దాన్ ఫిఫ్టీ కిలోమీటర్స్’ అన్నదే సహజం, ఎందుకంటే అక్కడ మనసులో ఉన్నది యాభై విడి వస్తువులు కాదు, ఒకే దూరం. మనుషులు, పుస్తకాలు, కుర్చీల విషయంలో పరీక్షలో ‘ఫ్యూయర్’ గుర్తించండి, మార్కు పోగొట్టుకోవద్దు. దూరానికీ డబ్బుకూ కూడా ‘లెస్’ తప్పని జవాబుల ‘కీ’లో ఉంటే మాత్రం గడువులోగా అభ్యంతరం పంపండి.