క్యాంటీన్ పైసలు కట్టలేదని పిల్లగానికి ప్లేటు ఇస్తలేరు, ఏం చెయ్యాలె?

మాది హన్మకొండ, మా పోరడు ప్రైవేట్ బడిల ఐదో తరగతి. ఈ ఏడు క్యాంటీన్ కాంట్రాక్టుకిచ్చిండ్రు, ప్లేటుకు 60 రూపాయలు, నెల పైసలు ముందే కట్టాలె, కార్డు గీకుతేనే అన్నం, పైగా ఇంటికాడికెళ్ళి టిఫిన్ డబ్బా తేవొద్దని రూల్. మావోని పక్కన కూసునే పిల్లగాని నాయన ఆటో నడుపుతడు, ఫీజే కష్టంగ కడుతుండు, ఇగ గీ పైసలు ఎక్కడికెళ్ళి తెస్తడు? ఆ పోరడు లంచ్ బెల్లు కొట్టంగనే నల్ల కాడ నీళ్ళు తాగొచ్చి క్లాసుల కూసుంటుండట. మావోడు ఒకరోజు తన ప్లేటుల సగం పెడితే వడ్డించేటాయన ఒక ప్లేటుల ఇద్దరు తినొద్దని తిట్టిండట. రాత్రి పండుకునేటప్పుడు చెప్పుకుంట ఏడ్చిండు, నాకైతే తెల్లారి ముద్ద దిగలే. నేను కట్టొచ్చు కానీ తెలుస్తే ఆ నాయనకు చిన్నతనమైతది. సర్కారు మధ్యాహ్న భోజనం ప్రైవేట్ బడికి రాదా?

జవాబు, సర్కారు బడి టీచర్, పరకాల:
రాదమ్మా. 2013 ఆహార భద్రత చట్టంల సర్కారు, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకే ఎనిమిదో తరగతి దాక హక్కుంది, మన రాష్ట్రంల 9, 10 వాళ్ళకు కూడ పెడుతున్నం. 2001ల సుప్రీంకోర్టు ఉత్త బియ్యం కాదు, వండే పెట్టాలె అన్నంక ఇది గట్టిగ నడిచింది. మా బడిల బిల్లులు లేటైతే వంటక్కలు కిరాణం కొట్టుల ఉద్దెర తెచ్చి వండుతరు, కూరగాయల రేటు పెరుగుతే పప్పు పల్చగైతది, అది నిజమే, కానీ మీ నాయన ఏం పని చేస్తడని ఎవ్వరం అడుగం, ప్లేటు పట్టుకొని లైన్ల నిలవడితే చాలు. ఆ పిల్లగాడు మా దగ్గరుంటే కడుపునిండ తింటుండె, నాకు గదే బాధ.

జవాబు:
మా ఊరు నర్సంపేట, ఇప్పుడు కాలిఫోర్నియాల ఉంటున్నం. అమెరికాల కూడ గిదే లొల్లి, బాకీ ఉన్న పిల్లల ముందల నుంచి వేడి తిండి తీసేసి చల్లటి శాండ్‌విచ్ చేతిల పెట్టేటోళ్ళు, కొన్ని కాడ చేతి మీద ముద్ర గూడ ఏసిండ్రు. 2017ల న్యూ మెక్సికో రాష్ట్రం పిల్లలను గట్ల అవమానించొద్దు, బాకీ గురించి తల్లిదండ్రులతోనే మాట్లాడాలె అని చట్టం చేసింది. మా దగ్గర 2022 నుంచి సర్కారు బళ్ళల్ల అందరికీ ఫ్రీ. మీరు గా ముచ్చటే పట్టుకోండ్రి, బాకీ ఉంటే నాయనకు ఫోన్ చెయ్యుండ్రి, పిల్లగాని ప్లేటు ఆపకుండ్రి అని.

జవాబు, కాజీపేట:
మా పిల్లల బడిల గూడ డబ్బా తేవొద్దంటే, పోయినేడు మేం ఎనిమిది మందిమి బడోళ్ళ కాడికి పోయినం. కాంట్రాక్టు తీసెయ్యమంటే వినరు, అది అడుగకుండ్రి. డబ్బా తెచ్చుకోనియ్యమని ఒక్కటే కాయితం మీద రాసి సంతకాలు పెట్టినం, ఏ పిల్లగాని పేరు రాయలే. బయటి తిండితోని రోగాలొస్తయన్నరు, పొద్దుగాల మా ఇంట్ల తినే కద మీ బడికి వస్తున్నరు అన్న. రెండు వారాలకు ఒప్పుకున్నరు.

అడిగినామె:
కాయితం నేనే రాస్తనన్నా. ఇప్పటికి నలుగురమైనం, సోమవారం పోతున్నం. డబ్బాకు ఒప్పుకుంటే మావోనికి రెండు చపాతీలు ఎక్కువ పెట్టి పంపుత, వాళ్ళిద్దరు ఎట్లైన పంచుకొని తింటరు.