బూమర్ అంటే వయసా, వైఖరా?

మెసేజ్‌లో వాక్యం చివర చుక్క పెట్టవేమే అని మొన్న మా మేనకోడల్ని అడిగాను. "మామయ్యా, మరీ బూమర్‌లా మాట్లాడకు" అంది. నేను పుట్టింది 1984లో. అసలు లెక్కన నాకూ ఆ మాటకూ ఇరవయ్యేళ్ల దూరం.

బేబీ బూమర్ అనేది జనాభా లెక్కల్లో పెరిగిన మాట. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికాలో జననాలు ఒక్కసారిగా పెరిగాయి. 1946 నుంచి 1964 దాకా దాదాపు 7 కోట్ల 60 లక్షల మంది పుట్టారు. వాళ్లే బూమర్లు. 'బూమ్' మొదట పెద్ద చప్పుడు, మన 'ఢాం' లాంటిదే. తర్వాత ధరలు, వ్యాపారాలు ఉవ్వెత్తున లేవడానికి వాడారు, ఆపైన జననాలకు. అంతకుముందు 1880ల్లో ఓక్లహోమా భూములకోసం ఎగబడ్డవాళ్లనూ బూమర్లే అనేవారు.

2019లో, పెద్దవాళ్ల పాతకాలపు మాటల్ని కొట్టిపారేసే 'ఓకే బూమర్' ఊరూవాడా పాకింది. ఆ నవంబరులో న్యూజిలాండ్ పార్లమెంటులో 25 ఏళ్ల ఎంపీ క్లోయి స్వార్‌బ్రిక్ వాతావరణ బిల్లుపై మాట్లాడుతుంటే ఎవరో అడ్డుతగిలారు. ఆమె ఆ రెండు ముక్కలూ అనేసి తన ప్రసంగం తాను సాగించారు. అప్పటికే ఆ మాట పుట్టిన సంవత్సరాన్ని వదిలి వైఖరికి అంటుకుంది.

తెలుగులోకి దిగింది ఈ రెండో అర్థమే. మన 'బూమర్ అంకుల్'కి ముప్పై అయిదేళ్లే ఉండొచ్చు. అందుకే దీన్ని 'పాతతరం' అని అనువదిస్తే ఒప్పుకోలేను. దీనికి అసలైన తోబుట్టువు 'చాదస్తం'. ఛందస్సు అంటే వేదం. అది చదివినవాడు ఛాందసుడు. గౌరవంగా పుట్టిన మాటే. నోళ్లలో నలిగి నలిగి, కాలం మారినా పట్టు విడవనివాడన్న అర్థానికి దిగింది. బూమర్ కూడా సరిగ్గా ఆ మెట్లే దిగింది, కాకపోతే చాలా తక్కువ కాలంలో. 'పాతచింతకాయ పచ్చడి' దగ్గరి మాటే కానీ అది చెప్పే విషయాన్ని అంటుంది, చెప్పే మనిషిని కాదు.

ఒక తేడా మాత్రం నాకు గట్టిగా తగులుతోంది. 'అమ్మమ్మ చాదస్తం' అన్నప్పుడు విసుగుతో పాటు అమ్మమ్మ మీద ప్రేమా వినిపిస్తుంది. ఆ మాట అన్నాక కూడా ఆవిడ పక్కనే కూర్చుంటాం. బూమర్ అన్నాక ఇక మాట్లాడేదేమీ ఉండదు. మా మేనకోడలు "నీ చాదస్తం నువ్వూనూ" అని ఉంటే, చుక్క ఎందుకు పెట్టాలో ఇంకాసేపు చెప్పేవాణ్ణి.