‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’: గ్రామసభ పుస్తకంలో ఈ మాట ఎప్పుడు రాయాలి?

పంచాయతీ పద్దు:
ఏ ఊరి గ్రామసభ మినిట్స్ పుస్తకం తెరిచినా ప్రతి అంశం కింద ఒకటే ముగింపు: "పై విషయము సభలో చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." ‘ఏకగ్రీవం’ అంటే అక్షరాలా ‘ఒకే మెడ’ కదా, అందరి అంగీకారం అనే అర్థం దానికెలా అబ్బింది? ఎన్నికల్లో పోటీ లేకపోయినా ఏకగ్రీవమే అంటున్నాం. ఈ రెండూ ఒకటేనా? పదిమంది వద్దన్న సభ గురించి కూడా ఇదే వాక్యం రాస్తే అది భాషా దోషమా, అంతకన్నా పెద్దదా?

నిఘంటువు పురుగు:
గ్రీవ అంటే మెడే. సుగ్రీవుడు, హయగ్రీవుడు, దశగ్రీవుడు మనకు తెలిసినవాళ్లే. తల ఊపాలంటే మెడ కదలాలి. సభంతా ఒకే మెడ మీద ఉన్నట్టు ఊపితే ఏకగ్రీవం అని నా అన్వయం. హిందీలో ‘సర్వసమ్మతి’, ‘నిర్విరోధ్’ అని రెండు వేరు మాటలున్నాయి. అందరూ సరే అనడం మొదటిది, ఎదురు నిలబడేవాడు లేకపోవడం రెండోది. మనం రెండింటినీ ఒకే గంపలో వేశాం.

తేడా చిన్నది కాదు. నామినేషన్ల ఉపసంహరణ అయ్యాక బరిలో ఒక్కరే మిగిలితే ఎన్నికల అధికారి ఆ ఒక్కరినీ ఎన్నికైనట్టు ప్రకటిస్తాడు. అక్కడ ఒక్క ఓటరు కూడా ఓటేయలేదు, కాబట్టి ఎవరి సమ్మతీ తెలియదు. ‘పోటీ లేకుండా’ అంటే సరిపోయేది. సర్పంచ్ పదవికి వేలం పాట జరిగినట్టు వార్త వచ్చినప్పుడు కూడా పత్రికలో ‘ఏకగ్రీవం’ అనే పడుతుంది.

మెడల సంగతి వచ్చింది కాబట్టి పంచతంత్రంలోని రెండు తలల పిట్టను తలచుకోవాలి. "ఏకోదరాః పృథగ్గ్రీవాః" అని శ్లోకం మొదలవుతుంది. కడుపు ఒకటే, మెడలు రెండు. ఒక తలకు తియ్యటి పండు దొరికితే రెండోదానికి పెట్టకుండా తినేసింది. రెండో తల ఉక్రోషంతో విషపు పండు మింగింది. కడుపు ఒకటే కనుక రెండూ పోయాయి. ఐకమత్యానికి ఉదాహరణగా ఈ శ్లోకం చెబుతారు గానీ, గొడవ రెండు మెడలున్నందుకు రాలేదు. పండు దొరికినప్పుడు పక్క తలను అడగకపోవడం వల్ల వచ్చింది.

కచేరీ తెలుగు:
పురుగు గారూ, మెడ ఒక్కటే కాదు, ఆ వాక్యంలో తోక కూడా చూడండి. ‘ఆమోదించడమైనది’. ఎవరు ఆమోదించారు? కర్త లేడు. ‘ఆదేశించడమైనది’, ‘తెలియజేయడమైనది’ లాంటి కచేరీ మాటలన్నీ ఇంతే, పని జరుగుతుంది గానీ చేసినవాడు కనపడడు. ‘గ్రామసభ ఆమోదించింది’ అని రాయండి. కర్త రాగానే ఆ సభలో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది చెయ్యెత్తారు అనే ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

ఈ సందర్భంలో పనికొచ్చే మాటలు మనకు చాలానే ఉన్నాయి. ఒక్కరూ కాదనకపోతే ‘నిరభ్యంతరంగా’. అందరినీ అడిగి, అందరూ ఔనంటే ‘సర్వసమ్మతితో’. చేతులు లెక్కపెడితే ‘మెజారిటీతో’. నోటిమాటగా ఔను, కాదు అనిపిస్తే ‘మూజువాణి ఓటుతో’. ఈ మూజువాణిలో ఉన్నది సరస్వతీ వాణి కాదు, ఉర్దూ ‘ముహ్ జబానీ’ మన నోట్లో అలా అరిగింది. మూజువాణితో చిక్కేమిటంటే గొంతు పెద్దగా ఉన్నవాళ్లది గెలుస్తుంది. పదిమంది గట్టిగా అరిస్తే ముప్ఫైమంది గొణుగుడు వినపడదు. ఎవరైనా ‘లెక్కపెట్టండి’ అంటే చేతులెత్తించాలి.

అన్నట్టు ‘సభ్యులు చేతులెత్తారు’ అని రాయాల్సిన చోట ‘చేతులెత్తేశారు’ అని రాయకండి. మధ్యలో చేరిన ఆ ‘ఏశ’తో ఆమోదం కాస్తా అశక్తత అయిపోతుంది.

మన్యం మాట:
ఏకగ్రీవం రాయకపోతే తీర్మానం చెల్లదేమోనన్న భయంతోనే చాలాచోట్ల ఆ మాట పడుతుంది. చట్టం అలా అడగలేదు. అటవీ హక్కుల (అడవిలో బతికేవాళ్లకు అక్కడి భూమి మీద హక్కులిచ్చే చట్టం) నియమాలే తీసుకోండి. 2012 సవరణ తర్వాత గ్రామసభకు కోరం, అంటే సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, మొత్తం సభ్యుల్లో సగం. వచ్చినవాళ్లలో మూడో వంతైనా ఆడవాళ్లు ఉండాలి. హక్కు పత్రాల క్లెయిములు తేల్చే సభ అయితే క్లెయిము పెట్టుకున్నవాళ్లలో సగం మందైనా, లేదా వాళ్ల తరఫువాళ్లైనా ఉండాలి. తీర్మానానికి మాత్రం హాజరై ఓటేసినవాళ్లలో సాధారణ మెజారిటీ చాలు.

లెక్కగా చెబుతాను. గూడెంలో 240 మంది పెద్దవాళ్లు ఉంటే 120 మంది రావాలి, అందులో 40 మంది ఆడవాళ్లు. ఆ 120లో 100 మంది ఓటేస్తే 51 చేతులతో తీర్మానం నెగ్గుతుంది. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు 51ని ‘ఏకగ్రీవం’ అని రాయడం అనవసరం. పైగా వద్దన్న 49 మందిలో ఒక్కరు గ్రామసభ తీర్మానాలపై ఫిర్యాదులు వినే పై కమిటీకి వెళ్లి ‘నేను ఆ రోజు కాదన్నాను’ అంటే, పుస్తకం మీద ఉన్న నమ్మకం మొత్తం పోతుంది. 51 అని రాసుంటే ఆ అభ్యంతరానికి జవాబు పుస్తకంలోనే ఉండేది.

ఇంకో మెలిక కూడా ఉంది. రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం గ్రామసభ అంటే ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్లు. అటవీ హక్కుల చట్టంలో గ్రామసభ అంటే ఊళ్లో వయసొచ్చినవాళ్లందరూ. పేరొకటే గానీ సభలు వేరు. పంచాయతీ సభకు వాడే ఓటర్ల జాబితా పట్టుకుని అటవీ హక్కుల సభకు కోరం లెక్కేస్తే, జాబితాకెక్కని కొత్త కోడలు, పద్దెనిమిది నిండిన కుర్రాడు లెక్కలో లేకుండా పోతారు.

నిజమైన ఏకగ్రీవం ఎక్కడా ఉండదని నేననను. 2013లో గ్రామసభలనే అడగాలన్న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలు నియమగిరి కొండల్లో బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వకాన్ని వద్దన్నాయి. పన్నెండుకు పన్నెండూ. మన పార్వతీపురం వైపు సరిహద్దు దాటితే రాయగడే. ఆ సభలకు జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా కూర్చున్నారు. అలాంటిచోట ఆ మాట రాస్తే దానికి విలువుంటుంది.

పాలమూరు:
మాట సంగతి సరే, అసలు లొల్లి సంతకాల కాడ ఉన్నది. సభ మొదలుగాంగనె పుస్తకం తిప్పుతరు. ‘వచ్చినట్టు సంతకం పెట్టున్రి’ అంటరు. పేజీ మీద సగం ఖాళీగనే ఉంటది. సభ అయినంక ఆ ఖాళీ జాగల తీర్మానం రాస్తరు. హాజరు సంతకం కాస్తా సమ్మతి సంతకమైతది. గందుకే పుస్తకంల రెండు జాగలుండాలె. ‘హాజరు’ అని పైన రాసి ఒక పేజీ, దాంట్ల తీర్మానం ముచ్చట ఒక్కటి గూడ ఉండొద్దు. తీర్మానాలు ఇంకో పేజీ నుంచి. ప్రతి తీర్మానం అయిపోంగనె కింద గీత కొట్టాలె, మిగిలిన జాగల అడ్డంగ గీటు పెట్టాలె. రాసింది సభలనే సదివి ఇనిపిచ్చినంకనే సంతకాలు. వేలిముద్ర ఏసినోళ్ల పేరు పక్కన రాసి, రాసినోళ్లెవరో అది గూడ రాయాలె. పేజీలకు నంబర్లు ముందుగాల్నే ఎయ్యాలె, నడుమ పేజీ చింపితె తెలుస్తది.

ఇంకొకటి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం కింద రెండు నెలలకొక గ్రామసభ పెట్టాలె. ఏడాదికి ఆరు. ఆరింటికీ అదే నలభై మంది, అదే వరుసల సంతకాలు ఉన్నయంటే అనుమానపడాలె. మినిట్స్ నకలు కావాల్నంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టొచ్చు. మన రెండు రాష్ట్రాలల్ల గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు. 30 దినాలల్ల జవాబియ్యాలె.

గోదారి గట్టు:
చిన్న పక్కదారి. ‘గ్రామసభలో రచ్చ’ అని వార్తల్లో వస్తే అందరూ కొట్టుకున్నారనే అర్థం చేసుకుంటున్నారు. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’లో రచ్చ అంటే గొడవ కాదుగా?

నిఘంటువు పురుగు:
కాదు. సంస్కృతంలో రథ్య అంటే వీధి. ప్రాకృతంలో అది రచ్ఛా అయింది, మనకు రచ్చగా దిగింది. సంధ్య నేరుగా వస్తే ‘సందె’, ప్రాకృతం మీదుగా వస్తే ‘సంజ’ అయినట్టే. వీధి నుంచి నలుగురు కూడే చోటు, అక్కడి నుంచి సభ. అందుకే రచ్చబండ, రచ్చసావడి. ఇంటి విషయం అక్కడికి పోతే ‘రచ్చకెక్కింది’ అన్నారు. ఇంటిగుట్టు బయటపడ్డాక గొడవే కాబట్టి చివరికి గొడవే రచ్చ అయింది. కన్నడంలోనూ రచ్చె అంటే ఊరి కట్టే, కానీ పిల్లాడు ‘రచ్చె పట్టాడు’ అంటే మారాం చేస్తున్నాడని. రెండు భాషల్లోనూ మాట్లాడుకునే చోటు పేరు అరుపులకు స్థిరపడింది. నాకు నచ్చకపోయినా మాట నడిచిన దారి అది.

కచేరీ తెలుగు:
పేరు పాడైన మాట ఇంకోటుంది, ‘ప్రజాభిప్రాయ సేకరణ’. ధాన్యం సేకరణ, చెత్త సేకరణ, అభిప్రాయ సేకరణ! పరిశ్రమకు పర్యావరణ అనుమతి కోసం జరిపే ఈ సభను కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ నడిపిస్తుంది. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, కలెక్టరు గానీ ఆయన తరఫు అధికారి గానీ అధ్యక్షత వహించాలి, అంతా వీడియో తీయాలి. కోరం లేదు. ఓటు కూడా లేదు. పదిమంది వచ్చినా సభే, పదివేలమంది వచ్చినా సభే. కాబట్టి ‘ప్రజాభిప్రాయ సేకరణలో పరిశ్రమకు ఏకగ్రీవ ఆమోదం’ అనే వార్తలో ఒక్క మాటా నిలబడదు. అక్కడ ఆమోదించడానికి ఎవరికీ అధికారం లేదు, చెప్పింది రాసుకోవడమే. అయితే ఒక మంచి నిబంధన ఉంది. సభ చివర రాసుకున్నదంతా స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు సంతకం చేయాలి. నేను చెప్పిన మాట ఇందులో లేదని అడగడానికి అదే సమయం. జనం మధ్యాహ్నం భోజనానికి వెళ్లిపోతే ఆ అవకాశం పోతుంది.

దీన్ని ‘సమ్మతి’తో కలపకూడదు. 2013 కేంద్ర భూసేకరణ చట్టంలో ప్రైవేటు కంపెనీ కోసమైతే బాధిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ముందే సమ్మతించాలి. అక్కడ మాటకు అంకె ఉంది.

పంచాయతీ పద్దు:
అయితే మాట్లాడకుండా కూర్చున్నవాళ్లను ఏ ఖాతాలో రాయాలి? మౌనం అర్ధాంగీకారం అంటారు కదా.

మన్యం మాట:
పద్దు గారూ, అర్ధాంగీకారమే అన్నారు, పూర్తి అంగీకారం అనలేదు! అనుకూలం, వ్యతిరేకం రెండూ అడిగాక చెయ్యెత్తనివాళ్లు తటస్థులు. తటం మీద, అంటే గట్టు మీద నిలబడ్డవాళ్లు. వాళ్ల లెక్క వేరే రాయండి. చాలాసార్లు ‘అందరికీ సమ్మతమేనా?’ అని ఒక్కసారి అడిగి, జవాబు రాకముందే తర్వాతి అంశానికి పోతారు. అది ప్రశ్నే కాదు. ‘వద్దనేవాళ్లు ఎవరు?’ అని విడిగా, కాస్త ఆగి అడగాలి. వీలైతే వ్యతిరేకాన్నే ముందడగండి. ముందు అనుకూలం అడిగితే పెద్దల చేతులు లేవడం చూశాక వద్దనేవాళ్ల చేతులు లేవవు. ఆడవాళ్లు సాధారణంగా వెనక వరుసల్లోనో, పందిరి బయటో ఉంటారు, లెక్క వాళ్ల వైపు నుంచి మొదలుపెట్టాలి. ఇద్దరు చెరో చివర నుంచి లెక్కపెట్టి, రెండంకెలూ కలిస్తేనే రాయాలి. కలవకపోతే నిలబెట్టి మళ్లీ లెక్క.

కచేరీ తెలుగు:
నమూనా ఇస్తున్నాను, అంకెలు ఉదాహరణకే:

"అంశం 3. పంచాయతీ నిధులతో ముందుగా బడి ప్రహరీ కట్టాలా, ఎస్సీ కాలనీ మురుగుకాలువ తవ్వాలా అన్నది చర్చకు వచ్చింది. ప్రహరీ ముందు కావాలన్నవారు చెప్పిన కారణం: పశువులు బడి ఆవరణలోకి వస్తున్నాయి. కాలువ ముందు కావాలన్నవారు చెప్పిన కారణం: వానాకాలంలో మురుగు ఇళ్లలోకి వస్తోంది. కాలువ ముందు తవ్వాలన్న ప్రతిపాదనకు అనుకూలం 61, వ్యతిరేకం 14, తటస్థం 9, హాజరు 84. ప్రతిపాదనను గ్రామసభ మెజారిటీతో ఆమోదించింది. ప్రహరీ అంశాన్ని వచ్చే సభ ఎజెండాలో మొదటిదిగా పెట్టాలని కూడా నిర్ణయించింది."

మూడు అంకెలు కలిపితే హాజరు రావాలి. 84కు బదులు 80 వస్తే ఎవరో నలుగురు మధ్యలో లేచి వెళ్లారన్నమాట, ఆ సంగతీ రాయండి. ఓడినవాళ్ల కారణం రాయడం మరవకండి. వచ్చే సభలో వాళ్లు మళ్లీ మొదటినుంచి చెప్పుకోనక్కర్లేదు.

పాలమూరు:
‘వచ్చే సభ ఎజెండాల మొదటిది’ అని రాసిన్రు చూడు, అది మస్తుగున్నది. దానికి తేదీ గూడ ఎయ్యున్రి. లేకుంటె ఆ వచ్చే సభ ఎన్నటికీ రాదు. చాటింపుల గూడ ‘సభ ఉన్నది’ అనుడు కాదు, ‘ఫలాన ముచ్చట మీద సభ’ అని చెప్పాలె.

పంచాయతీ పద్దు:
అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒక్కటి, ‘తటస్థులు’ అనాలా ‘తటస్తులు’ అనా? పుస్తకంలో రెండో రూపమే ఎక్కువ కనపడుతోంది.

నిఘంటువు పురుగు:
తటస్థులు. స కింద థ వత్తు. గృహస్థు, మధ్యస్థం లాగే. గట్టు మీద ‘స్థ’, అంటే ఉన్నవాడు.