విజయనగరంలో పాపకు వయొలిన్ గురువు, నాకు కథలు రాసేవాళ్ల తోడు, ఒక చిన్న పత్రిక ఆలోచన: సలహా కావాలి

కొత్తగా వచ్చాం

నమస్కారం అండి. బదిలీ మీద విజయనగరం వచ్చి మూడు నెలలైంది. మా పాపకు పదకొండేళ్లు. ఇంతకుముందు ఉన్న ఊళ్లో రెండేళ్లు గాత్రం నేర్చుకుంది. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు అయ్యి గీతాలు మొదలయ్యాయి, అంతలో మేం బయల్దేరాం. ఇప్పుడు వయొలిన్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ వద్దని ఎలా అనగలను? కానీ మాకు ఇక్కడ ఎవరూ తెలీదు. సంగీత కళాశాలలో చేర్పించాలా, ఇంటి దగ్గర చెప్పేవారిని వెతకాలా, గురువు మంచివారో కాదో సంగీతం రాని నాలాంటివాడు ఎలా తెలుసుకోవాలి?

రెండోది నా సంగతి. నేను కథలు రాస్తాను. ఆరు అచ్చయ్యాయి. ఏడోది ఒక పత్రికకు పంపి పద్నాలుగు నెలలైంది, వేస్తామనీ లేదు, వేయమనీ లేదు. రాసింది చదివి ఇక్కడ బాగుంది, ఇక్కడ తేలిపోయింది అని చెప్పే మనిషి ఒక్కరు దొరికితే చాలనిపిస్తోంది. ఈ ఊళ్లో రచయితలు ఎక్కడ కలుస్తారు?

మూడోది, నేనూ ఇంకో మిత్రుడూ కలిసి మూడు నెలలకోసారి ఒక చిన్న సాహిత్య పత్రిక తెద్దామనుకుంటున్నాం. 300 ప్రతులు, అచ్చులోనే. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సాధకం

పాప విషయం నేను చెప్తాను. నేను ఈ ఊళ్లోనే వయొలిన్ నేర్చుకున్నాను, ఇప్పుడు కొద్దిమంది పిల్లలకు చెప్తున్నాను (మీరు అడిగారని నా పేరు ముందుకు తొయ్యడం లేదు, మా ఇల్లు ఊరికి దూరం).

కళాశాల గురించి ముందు. అది 1919లో మహారాజా విజయరామ గజపతి గారు పెట్టింది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. నాయుడు గారు అక్కడికి విద్యార్థిగా చేరదామని వస్తే దాసు గారు ఆయన వాయించింది విని వయొలిన్ ఆచార్యుడిగా తీసుకున్నారు, అప్పటికి ఆయన వయసు 26. ఈ కథ ఇక్కడ అందరూ చెప్తారు, కానీ పిల్లల తల్లిదండ్రులు పట్టించుకోవలసిన ముక్క ఒకటుంది అందులో. దాసు గారు ఏ కాగితమూ చూసి ఆ ఉద్యోగం ఇవ్వలేదు, వాయిద్యం విని ఇచ్చారు. మీరూ అలాగే చెయ్యండి. గురువు గారిని అడిగి ఒక పాఠం జరుగుతుండగా ఓ మూల కూర్చోండి. సంగీతం రాకపోయినా కొన్ని తెలిసిపోతాయి. పిల్ల తప్పు వాయిస్తే అక్కడే ఆపి, అదే ముక్క తాను వాయించి వినిపించి, మళ్లీ వాయించమంటున్నారా, లేక ఫోన్ చూసుకుంటూ ఊ కొడుతున్నారా? పాఠానికి ముందు పిల్ల ఫిడేలు శ్రుతి సరిచేస్తున్నారా? పాడి చూపిస్తున్నారా? పాడించకుండా వయొలిన్ చెప్పేవారి దగ్గరికి మటుకు వద్దు. మన సంగీతంలో వాయిద్యం కూడా పాటే కదా, గొంతులో లేని గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) వేలి కొసకు రాదు. మీ పాపకు రెండేళ్ల గాత్రం ఉండటం పెద్ద ఆస్తి.

కళాశాలలో అయితే సర్టిఫికెట్ నాలుగేళ్లు, ఆ తర్వాత డిప్లొమా రెండేళ్లు, పరీక్షలు ఉంటాయి. తోటి పిల్లలు ఉంటారు, పక్క గదిలో మృదంగం, ఇంకో గదిలో వీణ వినిపిస్తుంటాయి, ఆ గాలిలో పెరగడమే ఒక చదువు. ఘంటసాల గారు, సుశీల గారు అక్కడే చదువుకున్నారు. ఇంటి దగ్గర అయితే పిల్ల చేతిని దగ్గరుండి చూసే సమయం గురువుకు ఎక్కువ దొరుకుతుంది. నన్నడిగితే మొదటి ఏడాది ఇంటి దగ్గర, చెయ్యి కుదురుకున్నాక కళాశాల. ఆన్‌లైన్ మాత్రం మొదట్లో వద్దు. ఫిడేలు తల కుడికాలి చీలమండ మీద ఆనించి కూర్చోవడం, కమాను పట్టుకున్న మణికట్టు బిగిసిపోకుండా చూడటం, ఇవి తెర మీద నుంచి సరిదిద్దలేరు.

ఇంకో సంగతి, మొదటి నెలల్లో ఇంట్లో వినడానికి ఏమీ బాగుండదు. ఖాళీ తీగల మీద కమాను నిదానంగా ఈ కొస నుంచి ఆ కొసకు లాగడమే పాఠం. స, ప, స, ప, అంతే. ఎప్పుడు కీర్తన చెప్తారండీ అని గురువును తొందరపెట్టకండి. నాకు మొదట చెప్పినవారు ఏడాదిలోపే నన్ను వేదిక ఎక్కించాలని వర్ణం బట్టీ పట్టించారు. మా అమ్మానాన్నలూ మురిసిపోయారు. తర్వాత ఇంకో గురువు గారి దగ్గర ఆ చెయ్యి సరి కావడానికి రెండేళ్లు పట్టింది, ఆ రెండేళ్లూ ఏడుస్తూనే సాధకం చేశాను.

వాయిద్యం కొనే ముందు గురువునే చెయ్యి కొలిచి చెప్పమనండి. పదకొండేళ్లకు కొందరికి ముప్పాతిక సైజు సరిపోతుంది, కొందరికి పెద్దదే. రోజూ ఇరవై నిమిషాల సాధకం ఆదివారం రెండు గంటల కంటే మేలు. జీతం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరూ చెప్పరు. పరీక్షలని నెల మానిపించి ఆ నెల డబ్బు ఇవ్వకపోవడం చాలామంది చేస్తారు. ఇంటి దగ్గర చెప్పేవారికి అదే బతుకుతెరువు. దయచేసి అలా చెయ్యకండి.

చందా కట్టిన పాఠకుడు

సాధకం గారు చెప్పిన చివరి మాటకు దండం పెట్టాలి. ఘంటసాల గారు చేతిలో ఏమీ లేకుండా ఈ ఊరు వచ్చినప్పుడు పట్రాయని సీతారామశాస్త్రి గారు దగ్గరికి తీసి పాఠం చెప్పారు, ఘంటసాల గారు మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, తింటూ చదువుకున్నారు. అలా ఇచ్చిన గురువులున్న ఊరు ఇది. అలాగని ఇప్పటి గురువుల దగ్గరా ఊరికే చెప్పించుకోవాలని చూడటం న్యాయం కాదు.

రచయితల గురించి. రచయితలు ఎక్కడ కలుస్తారు అంటే ఒక చిరునామా చెప్పలేను, తేదీలు చెప్తాను. సెప్టెంబరు 21 గురజాడ జయంతి, నవంబరు 30 వర్ధంతి, జనవరి 17 ఈ ఊరి కథకుడు చాసో (చాగంటి సోమయాజులు) పుట్టినరోజు, ఆ రోజున చాసో స్ఫూర్తి పురస్కారం ఇస్తారు. ఈ మూడు సభలకూ వెళ్లండి. ముందు వరసలో కూర్చోనక్కర్లేదు. సభ అయ్యాక బయట మెట్ల దగ్గర అరగంట నిలబడండి, అసలు మాటలు అక్కడ నడుస్తాయి. ఎవరు ఏ కథ చదివారు, ఏ పత్రిక కొత్తగా వచ్చింది, ఎవరింట్లో వచ్చే ఆదివారం కూర్చుంటున్నారు, అన్నీ తెలుస్తాయి. మొదటిసారి వెళ్లినప్పుడు మీ కథల కట్ట తీసుకెళ్లకండి. వాళ్లు రాసింది ఒకటి చదివి వెళ్లి దాని గురించి మాట్లాడండి. నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, నా కథ చదవండి అని వచ్చినవాళ్లు రెండోసారి కనబడరు, మీ కథ చదివాను అని వచ్చినవాళ్లు ఇంట్లో మనుషులైపోతారు.

ఈ ఊరి కథకుల్ని చదవకుండా ఈ ఊళ్లో కథలు రాయొద్దని కూడా నా మనవి. మీ పాప వయొలిన్ అంటోంది కాబట్టి ముందు చాసో 'వాయులీనం' చదవండి. పెళ్లయ్యాక మూలపడిన ఫిడేలు, అది అమ్ముడుపోవడం, అంతే కథ. సంగీతం తెలిసిన ఊళ్లో మాత్రమే పుట్టే కథ అది. గురజాడ కథ 'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది, ఇప్పటికీ దాని పొడవు చూస్తే ఆశ్చర్యమే, ఒక్క మాట తీసెయ్యడానికి దొరకదు.

ఒక రోజు వీలు చూసుకుని శ్రీకాకుళం వెళ్లి కథానిలయం చూడండి. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టారు. పాత పత్రికల్లో పడి ఎవరూ మళ్లీ చూడని వేల కథలు అక్కడ భద్రంగా ఉన్నాయి. నా మొదటి కథ, నా దగ్గరే ప్రతి లేనిది, అక్కడ దొరికింది. ఆ రోజు నాకెలా ఉందో మాటల్లో చెప్పలేను.

పద్నాలుగు నెలల కథ గురించి: ఒక ఉత్తరం రాయండి, మర్యాదగా, ఫలానా తేదీలోపు మీ నుంచి కబురు లేకపోతే వేరే చోటికి పంపుకుంటాను అని. ఆ తేదీ దాటాక పంపెయ్యండి. ఒకే కథ ఒకేసారి ఇద్దరికి మాత్రం వద్దు.

నాలుగేళ్ల సంపాదకుడు

నేను ఒక త్రైమాసికం నాలుగేళ్లు నడిపి ఆపేశాను. మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు, కానీ లెక్క చెప్పాలి.

అచ్చు ఖర్చు గురించే అందరూ టెన్షన్ పడతారు, అది తెలిసిన ఖర్చు, ఎలాగో సర్దుకుంటాం. మమ్మల్ని ముంచింది పంపిణీ. మేమూ 300 వేశాం. అందులో రచయితల ప్రతులు, ఇతర పత్రికలకు మార్పిడి ప్రతులు, పెద్దలకు గౌరవ ప్రతులు పోగా చందాదారులకు వెళ్లినవి సగం కూడా లేవు. ఆ చందాల్లో రెండో ఏడు తిరిగి కట్టినవాళ్లు మరీ తక్కువ, కోపంతో కాదు, మర్చిపోయి. ఫోన్ చేసి గుర్తుచేస్తే అయ్యో అని వెంటనే పంపేవారు. కానీ ఆ ఫోన్లు చెయ్యడానికి ఒక మనిషి కావాలి. కథలు ఎంచే మనిషి, అచ్చుతప్పులు దిద్దే మనిషి, కవర్ల మీద చిరునామాలు రాసే మనిషి, ఫోన్లు చేసే మనిషి, నాలుగూ నేనే. నా సొంత రాత ఆ నాలుగేళ్లూ ఆగిపోయింది. మీరు ఇద్దరున్నారు కదా, ఎవరు ఏది చేస్తారో మొదటి సంచికకు ముందే రాసి పెట్టుకోండి.

తపాలా రాయితీ ఉంటుందని చాలామంది అనుకుంటారు. మేం నడిపిన రోజుల్లో రిజిస్టర్డ్ న్యూస్‌పేపర్ రేటు నిజంగా చాలా తక్కువే, పైసల్లో ఉండేది. కానీ అది 31 రోజులకు మించకుండా వెలువడే పత్రికలకు, నిజమైన చందాదారులు కనీసం 50 మంది ఉన్నవాటికి. మా త్రైమాసికానికి అది దక్కలేదు. ఇది మాకు రెండో సంచిక పోస్టాఫీసుకు మోసుకెళ్లాక తెలిసింది. ఇక పత్రిక అంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 1867 నాటి పాత చట్టం పోయి కొత్త పత్రికల చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది, దరఖాస్తు అంతా ప్రెస్ సేవా పోర్టల్లోనే.

అందుకని నా సలహా, పత్రిక అనకండి, ఏడాదికి ఒక సంకలనం తెండి. అది పుస్తకం కిందకు వస్తుంది, పత్రిక రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. గడువు తరుముకురాదు కాబట్టి కథ బాగా లేకపోతే వెనక్కి పంపే ధైర్యం ఉంటుంది. పేజీలు నిండటం లేదని నేను వేసిన కథలు కొన్ని ఉన్నాయి, అవి ఇప్పటికీ నన్ను బాధపెడతాయి.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి భారతి 1924 నుంచి 1991 దాకా నడిచింది. అంత వెనకబలం ఉన్న పత్రికే ఒకరోజు ఆగింది. కాబట్టి ఆగిపోవడం గురించి భయపడకండి, ఉన్నన్నాళ్లు ఏం వేశామన్నదే చూసుకోండి.

వెబ్‌లో రాసేదాన్ని

సంపాదకుడు గారి లెక్కలు ఒప్పుకుంటాను, కానీ అచ్చే కావాలని ఎందుకు అనుకుంటున్నారో అర్థం కాలేదు. 'ఈమాట' పత్రిక 1998 నుంచి వెబ్‌లోనే ఉంది. పాత సంచికలు ఇప్పటికీ ఒక్క నొక్కుతో తెరుచుకుంటాయి. మీ 300 ప్రతుల్లో పదేళ్ల తర్వాత ఎన్ని మిగులుతాయి? అక్కడ నేను నేర్చుకున్నది ఏమిటంటే, వెబ్ పత్రికకైనా సంపాదకుడే ప్రాణం. కథ పంపితే ఈ పేరా ఎందుకు అని అడిగేవాళ్లు ఉండాలి.

ఇంకో మాట. కథలు, కవితలు వేసే చోట్లు చాలానే ఉన్నాయి. ఈ ఊళ్లో పాఠాలు చెప్పి చెప్పి ముసలివాళ్లయిన సంగీత గురువుల దగ్గరికి వెళ్లి కూర్చుని వాళ్ల మాటలు రాసి వేసే పత్రిక నాకు కనబడలేదు. మా తాతగారి గురువు గారు చేతిరాతతో స్వరపరచి రాసుకున్న కీర్తనల నోటు పుస్తకాలు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉండేవి. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అవి పాత కాగితాలవాడికి పోయాయి. ఎవరి తప్పూ కాదు, అవేంటో ఆ ఇంట్లో చెప్పేవాళ్లే లేరు. మీరు ఏ రూపంలో తెచ్చినా ప్రతిసారీ ఒక్క గురువు గారి జ్ఞాపకాలు, ఆయన దగ్గరున్న రెండు పేజీల నొటేషన్ ఫోటో వెయ్యండి. నేను వచ్చి రికార్డు చేస్తాను, రాసి ఇస్తాను, డబ్బు అక్కర్లేదు.

సాధకం

ఈ పని జరిగితే నేనూ వస్తాను. మా గురువు గారికి ఎనభై దాటాయి. వేళ్లు సహకరించక ఇప్పుడు వాయించడం లేదు, పాడి మాత్రం చెప్తారు. ఎవరైనా వచ్చి అడగాలని ఆయనకు ఉంది, పైకి అనరు. ఉదయం పూటే వెళ్లాలి, మధ్యాహ్నానికి అలసిపోతారు.

కొత్తగా వచ్చాం

అందరికీ చేతులెత్తి నమస్కారం. మీ జవాబులు మా ఆవిడకు చదివి వినిపించాను, మిత్రుడికీ పంపాను. త్రైమాసికం మానేస్తున్నాం. ఏడాదికి ఒక సంకలనం అచ్చులో, గురువుల జ్ఞాపకాలు మాత్రం ఎప్పటికప్పుడు వెబ్‌లో. చందా ఫోన్లు నా వంతు, అచ్చుతప్పులు మిత్రుడి వంతు, ఇవాళే కాగితం మీద రాసుకున్నాం.

'వాయులీనం' రాత్రి చదివాను. చదివాక పాపకు వయొలిన్ కొనే విషయంలో ఇంక మరో మాట లేదు.

సాధకం గారూ, వచ్చే ఆదివారం ఉదయం మీ గురువు గారింటికి మేం ముగ్గురం రావచ్చా? వెబ్‌లో రాసే ఆవిడ కూడా వీలైతే రండి. పాపను తీసుకొస్తాను, ఆయనకు అభ్యంతరం లేకపోతే ఓ మూల కూర్చుని వింటుంది.

సాధకం

అడిగాను. ఎనిమిదింటికల్లా రమ్మన్నారు. పాపకు వచ్చిన గీతం ఒకటి పాడటానికి సిద్ధంగా ఉండమన్నారు.