అమ్మ ట్యాబ్‌కు తాళం వేసి ఇవ్వాలా, మొత్తం నేర్పించాలా?

సామర్లకోట_కుర్రాడు (చర్చ మొదలుపెట్టినవారు)
అందరికీ నమస్కారం. నేను డల్లాస్‌లో ఉంటాను. అమ్మ సామర్లకోటలో ఒక్కతే ఉంటుంది, వయసు 74. నాన్నగారు రైల్వేలో చేశారు కాబట్టి అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఇన్నాళ్ళూ కీప్యాడ్ ఫోనే వాడింది. అందులో అక్షరాలు ఆనడం లేదంటే, మొన్న ఇంటికి వచ్చినప్పుడు పెద్ద స్క్రీన్ ఉన్న ఆండ్రాయిడ్ ట్యాబ్ కొనిచ్చాను. వీడియో కాల్, యూట్యూబ్‌లో చాగంటి గారి ప్రవచనాలు, మనవల ఫొటోలు. ఈ మూడూ ఉంటే ఆవిడకి చాలు.

ఆ మూడే కనబడేలా పెట్టి మిగతాదంతా లాక్ చేసేద్దామని నా ఆలోచన. ప్లే స్టోర్, బ్రౌజర్, సెట్టింగ్స్ ఏవీ కనబడవు. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటుంది. మా చెల్లి మాత్రం లాక్ వద్దు, అన్నీ నేర్పిద్దాం అంటోంది. డిజిటల్ అరెస్టులని చెప్పి పెద్దవాళ్ళను దోచుకుంటున్న రోజుల్లో అంతా తెరిచి చేతికివ్వడం నాకు ఇష్టం లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు
లాక్ చెయ్యన్నా. మా బాపు ఏదో నొక్కిండు, లోన్ యాప్ వచ్చి కూసుంది. తీసేసే దాకా ఫోన్లే ఫోన్లు.

మెహదీపట్నం
సిమ్ వేసే ట్యాబా, ఉత్త వైఫై ట్యాబా? అది చెప్పకుండా సలహా ఏమివ్వగలం?

రిటైర్డ్_గార్డు
బాబూ, నేనూ మీ నాన్నగారి శాఖ వాడినే. గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. వయసులో మీ అమ్మగారూ నేనూ ఒక ఈడు వాళ్ళమే. ట్యాబ్ నా అంతట నేనే నేర్చుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

లాక్ సంగతి తర్వాత. ముందు ఆవిడ వేలు ఎలా పెడుతున్నారో పక్కన కూర్చుని చూశారా? మా తరం వాళ్ళం బటన్ అంటే గట్టిగా నొక్కి పట్టుకుంటాం. కీప్యాడ్ ఫోన్ అలాగే అలవాటైంది. ట్యాబ్ మీద వేలు అలా ఆపితే యాప్ తెరుచుకోదు, పక్కన చిన్న మెనూ వస్తుంది. అది చూసి కంగారుపడి వేలు జరిపితే ఆ బొమ్మ ఎక్కడికో పోతుంది. ‘యూట్యూబ్ పోయింది, నేనే పాడుచేశాను’ అని మనిషి ఇక దాని జోలికి వెళ్ళదు. సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీలోకి వెళ్ళి టచ్ అండ్ హోల్డ్ డిలే అన్నదాన్ని లాంగ్ చేయండి. సామ్‌సంగ్ ట్యాబ్ అయితే హోమ్ స్క్రీన్ బొమ్మలు కదలకుండా బిగించే ఏర్పాటు కూడా ఉంది. అంచు నుంచి వేలితో తోసే పద్ధతి తీసేసి, కింద మూడు బటన్లు వచ్చేలా పెట్టండి. వెనక్కి ఎలా రావాలో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ఇవన్నీ మా వాడు చేసిపెట్టలేదు, నేనే వెతుక్కున్నాను. సెట్టింగ్స్ కనబడకుండా చేస్తే వెతుక్కునేది ఎలా?

సామర్లకోట_కుర్రాడు
గార్డు గారూ, చాలా థాంక్స్. ఆ టచ్ సంగతి నిజంగా తెలియదు, ఈ రాత్రే వీడియో కాల్‌లో చూస్తాను. కానీ మీకు ఓపికా ఆసక్తీ ఉన్నాయి. అమ్మ అలా కాదు. టీవీ రిమోట్‌లో కూడా రెండు బటన్లే వాడుతుంది.

మెహదీపట్నం
సిమ్మా, వైఫైయా?

లెక్కల_టీచర్
నేను ప్రభుత్వ హైస్కూల్లో చెబుతాను. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్ళకు పాఠాలు చెప్పే మాకూ ట్యాబ్‌లు ఇచ్చారు. నాకు మొదటి ట్యాబ్ అదే, పిల్లల్లో చాలామందికీ అదే. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టినప్పుడు ఒకటి గమనించాను. ‘నొక్కు, ఏం కాదు’ అని పక్కవాడు భరోసా ఇచ్చిన పిల్ల గంటలో నేర్చుకుంది. ‘నువ్వుండు, నేను చేస్తా’ అని పక్కవాడు లాక్కున్న పిల్ల వారం తర్వాత కూడా చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంది.

మా అత్తగారికి నేర్పినప్పుడూ అంతే. కీబోర్డు చూసి భయపడ్డారు. గూగుల్ కీబోర్డులో తెలుగు చేతిరాత పెట్టి, వేలితో రాయమన్నాను. ఆవిడ రామకోటి రాసిన మనిషి. స్క్రీన్ మీద ‘శ్రీరామ’ అని రాశారు. పైన అచ్చక్షరాల్లో అదే మాట వచ్చింది. చెరిపేసి మళ్ళీ రాశారు, అలా సాయంత్రం దాకా రాస్తూనే ఉన్నారు. మర్నాటి నుంచి యూట్యూబ్‌లో తనకు కావలసింది తనే రాసి వెతుక్కుంటున్నారు. ఆసక్తి లేదని మనం అనుకునేది చాలాసార్లు భయం.

బ్యాంకు_కౌంటర్
టీచర్ గారూ, మీ మాటలు వినడానికి బాగున్నాయి. నేను ముప్పై ఏళ్ళు కౌంటర్‌లో కూర్చున్నాను. ఫిక్స్‌డ్ డిపాజిట్ మధ్యలో రద్దు చేయమని చేతులు వణుకుతూ వచ్చిన పెద్దాయనను చూశాను. ఎవరికి పంపుతున్నారండీ అంటే చెప్పడు. చెబితే అరెస్టు చేస్తామని ఫోన్లో బెదిరించారట. 2024 అక్టోబరులో ప్రధానమంత్రే మన్ కీ బాత్‌లో ఈ డిజిటల్ అరెస్టు మోసం గురించి మాట్లాడాల్సి వచ్చింది. ఏ పోలీసూ, ఏ ఏజెన్సీ వీడియో కాల్‌లో అరెస్టు చేయదు.

ఇంకో మాట. ఆర్‌బీఐ 2017 జులైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, కస్టమరే పాస్‌వర్డ్, ఓటీపీ లాంటివి బయటికి చెప్పి పోగొట్టుకుంటే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం కస్టమరే భరించాలి. కాబట్టి ఆ అబ్బాయి లాక్ చేస్తానంటే తప్పు పట్టకండి.

రిటైర్డ్_గార్డు
కౌంటర్ గారూ, మోసం వచ్చేది వీడియో కాల్‌లో అని మీరే అన్నారు. ఆయన తెరిచి ఉంచుతున్న మూడింటిలో వీడియో కాల్ ఉంది! లాక్ చేసేది ప్లే స్టోర్, సెట్టింగ్స్. దొంగ వచ్చే తలుపు తీసి ఉంచి, ఆవిడ బయటికి చూసే కిటికీ మూస్తున్నారు. ఆవిడకు తెలియాల్సింది కాల్ ఎలా కట్ చేయాలో, తెలియని నంబర్ ఎలా బ్లాక్ చేయాలో, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఎలా చేయాలో. నేర్పితేనే అవి వస్తాయి.

పెద్దకూతురు_తెనాలి
గార్డు గారికి దండం. మా అన్నయ్య కూడా ఇలాగే విదేశం నుంచి ట్యాబ్ తెచ్చి నాన్నకిచ్చి, పాస్‌వర్డ్ తన దగ్గరే పెట్టుకుని వెళ్ళాడు. అది ఆగిపోయినప్పుడల్లా నాన్న నన్ను కేకేసేవారు. నా దగ్గర పాస్‌వర్డ్ లేదు. అన్నయ్యకు ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి. నాన్న ఆ ట్యాబ్ బీరువాలో పెట్టేశారు. మందులూ, ఆసుపత్రీ, కరెంటు బిల్లూ చూసే మనిషికి పాస్‌వర్డ్ ఇవ్వరు, దూరాన ఉన్నవాళ్ళ దగ్గర మాత్రం ఉంటుంది. ఇది నమ్మకం లేకపోవడమే.

సామర్లకోట_కుర్రాడు
మీ అన్నయ్య సంగతి నాకెందుకు అంటగడతారండీ? నేను రోజూ రెండు పూటలా అమ్మతో మాట్లాడతాను. ఖర్చంతా నాదే. దూరంగా ఉన్నవాళ్ళకు ప్రేమ ఉండదని ఎవరు చెప్పారు మీకు?

పెద్దకూతురు_తెనాలి
ప్రేమ లేదని నేను అనలేదు. పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలన్నదే అడిగాను. మీ చెల్లికి ఇస్తారా?

మెహదీపట్నం
మళ్ళీ అడుగుతున్నా. సిమ్ ఉన్నదా, లేనిదా? అందరూ డబ్బు పోతుందని కొట్టుకుంటున్నారు. అది తేలకుండా ఈ గొడవంతా దండగ.

సామర్లకోట_కుర్రాడు
వైఫై ట్యాబ్ అండీ బాబూ! బ్యాంకుకు లింకైన సిమ్ అమ్మ కీప్యాడ్ ఫోన్‌లోనే ఉంది. చాలా?

మెహదీపట్నం
చాలు. అయితే ఆ ట్యాబ్‌లో ఫోన్‌పే, గూగుల్‌పే నడవవు. యూపీఐ రిజిస్టర్ కావాలంటే బ్యాంకు నంబరున్న సిమ్ అదే పరికరంలో ఉండాలి. ఆవిడ ఏ యాప్ వేసుకున్నా దాంతో పైసా కదలదు. మిగిలింది నెట్ బ్యాంకింగ్. అది ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?

సామర్లకోట_కుర్రాడు
నేనే. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ నా దగ్గర ఉన్నాయి. ఏదైనా కట్టాలంటే ఇక్కడి నుంచి నేను మొదలుపెడతాను, అమ్మ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, చదివి చెబుతుంది. ఏ ఇబ్బందీ లేదు.

మెహదీపట్నం
ఇబ్బంది లేదా? ఫోన్ మోగగానే అవతల గొంతు ‘ఓటీపీ చెప్పమ్మా’ అంటే చదివి చెప్పడం మీరే ఆవిడకు అలవాటు చేశారు. మోసగాడికి కావలసింది సరిగ్గా ఆ అలవాటే. ‘మీ అబ్బాయి స్నేహితుణ్ణి, వాడు మీటింగ్‌లో ఉన్నాడు’ అంటే చాలు. మీ ఇంట్లో అసలు ప్రమాదం ట్యాబ్ కాదన్నా, ఆ కీప్యాడ్ ఫోనూ, ఈ పద్ధతీ.

బ్యాంకు_కౌంటర్
ఇది మాత్రం నేనూ ఒప్పుకోను బాబూ. కన్నకొడుకైనా సరే, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఇంకొకరు వాడటం బ్యాంకు నిబంధనలకు విరుద్ధం. రేపు ఏదైనా జరిగితే ఆవిడ మాట చెల్లదు.

సామర్లకోట_కుర్రాడు
సరే, సూటిగా చెబుతాను. అమ్మ చేతికి ఆ పాస్‌వర్డ్ ఇస్తే మొదటి నెలలోనే డబ్బు చెల్లి ఇంటికి పోతుంది. బావగారి షాపు ఎప్పుడూ నష్టంలోనే ఉంటుంది. నాన్న పోయాక వచ్చిన డబ్బులో కొంత అలాగే వెళ్ళింది, ఒక్క రూపాయి తిరిగి రాలేదు. అమ్మ కాదనలేదు. చెల్లి ‘అన్నీ నేర్పిద్దాం’ అని ఎందుకంటోందో నాకు తెలుసు. ఇప్పుడు చెప్పండి, నా భయం తప్పా?

సిడ్నీ_చింతచెట్టు
అదీ సంగతి.

పెద్దకూతురు_తెనాలి
అంటే మీ తాళం దొంగల కోసం కాదు, చెల్లెలి కోసం. ఈ మాట మొదటే చెబితే నేను అంత గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. అయినా అడుగుతున్నాను. ఆ పెన్షన్ ఎవరిది?

సామర్లకోట_కుర్రాడు
అమ్మదే. రేపు ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి ఖర్చు మాత్రం నాది. పెట్టేవాడికి అడిగే హక్కు లేదా?

రిటైర్డ్_గార్డు
అడిగే హక్కు ఉంది నాయనా, ఎందుకు లేదూ! ఆవిడతో కూర్చుని, ‘అమ్మా, చెల్లికి ఇంతవరకు ఇవ్వు, ఇంతకంటే వద్దు’ అని చెప్పు. ఆవిడ నీ ముఖం మీదే కాదంటుందేమో, అననీ. ఆ మాట నోటితో చెప్పలేక ట్యాబ్ చేత చెప్పించాలని చూస్తున్నావు. అక్కడే నాకు బాధ కలుగుతోంది. నా భార్య ఉన్నప్పుడు ఆవిడ పాస్‌బుక్ నేను దాచేవాణ్ణి కాదు. నేనూ నా కూతురికి పంపుతాను. ఎంత పంపానో నా కొడుకుకి చెప్పను, వాడూ అడగడు.

బ్యాంకు_కౌంటర్
గార్డు గారూ, కూతురు అడిగితే కాదనలేని తల్లుల్ని మీరు చూడలేదు, నేను చూశాను. డిపాజిట్ కాగితం మీద సంతకం పెడుతూ కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆవిడ ఇష్టం, ఆవిడ ఇష్టం అంటున్నారు. ఒత్తిడిలో పెట్టిన సంతకం ఇష్టమవుతుందా? ఈ అబ్బాయి భయం నాకు అర్థమవుతోంది.

లెక్కల_టీచర్
కౌంటర్ గారూ, ఆ ఒత్తిడి చెల్లెలిదే కానక్కర్లేదు, అన్నదీ కావచ్చు. ఇద్దరి మధ్యా ఆవిడ ఏమనుకుంటున్నారో ఇంతవరకు ఒక్కరూ రాయలేదు. కుర్రాడు గారూ, అమ్మగారిని అడిగారా? ట్యాబ్‌లో ఆవిడకు ఏం కావాలట?

సామర్లకోట_కుర్రాడు
అడిగాను. పెన్షన్ పడిందో లేదో బ్యాంకుకు వెళ్ళకుండా తెలిస్తే చాలు అంది. నవంబరులో, బతికే ఉన్నానని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆటో కట్టించుకుని వెళ్ళి లైన్లో నిలబడటం కష్టంగా ఉందని కూడా అంది.

రిటైర్డ్_గార్డు
మరి ఆ మూడింటిలో ఇవి రెండూ లేవు కదయ్యా! ప్రవచనాలు నువ్వు అనుకున్నవి, ఇవి ఆవిడ అడిగినవి.

లైఫ్ సర్టిఫికెట్ నేను ట్యాబ్‌లోనే ఇస్తున్నాను. 2021 నుంచి ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చింది. ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్ రెండూ వేసుకోవాలి. ఆధార్ నంబరు, పీపీఓ (పెన్షన్ ఆర్డరు) నంబరు, బ్యాంకు ఖాతా నంబరు దగ్గర పెట్టుకోవాలి. ముఖం మీద వెలుతురు పడేలా కూర్చుని, చెప్పినప్పుడు కళ్ళు ఆర్పాలి. వెనక కిటికీ ఉంటే తీసుకోదు. ఓటీపీ కీప్యాడ్ ఫోన్‌కి వస్తుంది, ఆవిడే చూసి ఆవిడే కొడతారు. ఎవరికీ చదివి చెప్పే పని లేదు. సామర్లకోట మాకు దగ్గరే. మీ అమ్మగారికి అభ్యంతరం లేకపోతే నవంబరులో నేను వచ్చి పక్కన కూర్చుంటాను. ప్లే స్టోర్ మాత్రం తెరిచి ఉంచు.

మెహదీపట్నం
పెన్షన్ పడిందో లేదో చూడటానికి డబ్బు పంపే అధికారం అక్కర్లేదు. కొన్ని బ్యాంకుల్లో ఖాతా చూడటానికి మాత్రమే నెట్ బ్యాంకింగ్ ఇస్తారు, బ్రాంచిలో అడగండి. బిల్లుల కోసం యూపీఐ సర్కిల్ ఉంది. ఆవిడ ఖాతా నుంచి నమ్మకమైన మనిషి కట్టేలా ఆవిడే అనుమతి ఇస్తారు. ప్రతిసారీ ఆవిడను అడగకుండా కట్టేలా పూర్తి అనుమతి ఇచ్చినా నెలకు 15,000 దాటదు, ఒక్కోసారి 5,000 దాటదు. కాకపోతే దానికి ఆవిడ సిమ్ స్మార్ట్‌ఫోన్‌లో ఉండాలి. అందుకే సిమ్ సంగతి మొదటి నుంచీ అడుగుతున్నా.

పెద్దకూతురు_తెనాలి
ఆ నమ్మకమైన మనిషి ఎవరో కూడా ఆవిడే చెప్పాలి.

సామర్లకోట_కుర్రాడు
ఇందాకే అమ్మతో మాట్లాడాను. టచ్ సెట్టింగ్ మార్చాం, మూడు బటన్లు పెట్టాం. ప్లే స్టోర్, సెట్టింగ్స్ తెరిచే ఉంచుతున్నాను. ఓటీపీ ఇక నాకు కూడా చెప్పొద్దన్నాను. ‘మరి కరెంటు బిల్లు ఎవరు కడతారురా?’ అని అడిగింది. చెల్లి కడుతుందని నా నోటితో చెప్పలేకపోయాను. పాత డబ్బు సంగతి తేలనిదే చెల్లి పేరు యూపీఐ సర్కిల్‌లో పెట్టడానికి నేను ఒప్పుకోను. ఈ ఆదివారం ముగ్గురం కాల్‌లో కూర్చుంటున్నాం. గార్డు గారూ, మీరు నవంబరులో వస్తారని అమ్మకు చెప్పాను. భోజనానికి ఉండమంది.

ఓరుగల్లు
గార్డు సాబ్, ఆ టచ్ అండ్ హోల్డ్ సెట్టింగ్ మా బాపు ఫోన్‌ల కూడ ఉంటదా?

రిటైర్డ్_గార్డు
ఉంటుంది బాబూ, ఆండ్రాయిడ్ ఫోన్ అయితే చాలు. యాక్సెసబిలిటీలోకి వెళ్ళి చూడండి. మీరు మార్చకండి, ఆయన చేతే మార్పించండి.