బింజ్ ఈటింగ్ థెరపీలో అద్దం ఎక్సర్‌సైజ్ ఎప్పుడు, ఎలా?

పటమట కౌన్సెలర్:
బింజ్ ఈటింగ్‌తో (ఆపుకోలేక ఒక్కసారే అతిగా తినేయడం) నా దగ్గరికొచ్చే కొందరికి తిండి దారిలో పడుతోంది గానీ "నా ఒళ్లు చూస్తే నాకే అసహ్యం" అన్న మాట మాత్రం పోవట్లేదు. ఇలాంటి వాళ్లకి అద్దం ఎక్సర్‌సైజ్ (అద్దంలో ఒళ్లంతా చూసుకుంటూ, తిట్టుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పడం) ఏ దశలో పెడుతున్నారండీ?

బ్రాడీపేట సైకాలజిస్ట్:
తిండి కుదుటపడకుండా పెట్టొద్దండి. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు, నాలుగు గంటలకు మించి ఎడం ఉండకూడదు. పొద్దున టిఫిన్ మానేసిన మనిషిని సాయంత్రం అద్దం ముందు నిలబెడితే, ఆ రాత్రి బింజ్‌కి మనమే దారి వేసినట్టు. తిండి సమస్యలకి ఫెయిర్‌బర్న్ అనే సైకియాట్రిస్ట్ తయారుచేసిన సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల థెరపీ) పద్ధతిలో, 20 సెషన్ల వరసలో, ఒంటి సంగతి మూడో దశలో గానీ రాదు.

ముందు ఒక పూర్తి రోజు, ఒంటిని ఎప్పుడెప్పుడు ఎలా చూసుకున్నారో రికార్డు రాయించండి. పొట్ట మడత పట్టుకు చూడటం, పాత జాకెట్టు పడుతుందా అని తొడిగి చూడటం, పెళ్లి ఫోటోలో చేతులు పెద్దవి చేసి చూడటం, అన్నీ రాయాలి. పక్కన "ఏం తెలుసుకుందామని చూశాను? తెలిసిందా?" అని ఒక గడి. అసలు పని ఆ గడే చేస్తుంది.

తర్వాత నిలువుటద్దం. తల నుంచి పాదాల దాకా అన్ని భాగాలకీ సమానంగా టైమ్. "ఛండాలమైన పొట్ట" అనకుండా "బొడ్డు కింద ఒక మడత, రెండు పక్కలా లేత చారలు" అని పైకి చెప్పించాలి. చాలామంది పొట్ట దగ్గరే ఆగిపోతారు. ఒకే చోట అంతసేపు చూస్తే ఏదైనా పెద్దదిగానే కనిపిస్తుంది. ఆందోళన బాగా పెరిగినప్పుడు ఆపేస్తే అద్దమంటే భయం ఇంకా గట్టిపడుతుంది.

లక్ష్మీపురం డైటీషియన్:
రికార్డు ఖాళీగా వస్తే సంతోషించకండి. అసలు అద్దమే చూడనివాళ్లు, ఫంక్షన్లు మానేసేవాళ్లు ఉంటారు. వాళ్లకి మొదటి మెట్టు, ఇప్పటి కొలతలతో బట్టలు కుట్టించుకోవడం. బిగుతు బట్ట రోజంతా ఒంటినే గుర్తుచేస్తుంది.

బీసెంట్ రోడ్ థెరపిస్ట్:
పోల్చుకునే అలవాటుకి: బజార్లో ఎదురొచ్చే ప్రతి మూడో మనిషిని చూడమనండి, తమ వయసువాళ్లని. ఇన్నాళ్లూ సన్నటివాళ్లనే ఏరుకుని చూస్తున్నామని అక్కడికక్కడే తెలిసొస్తుంది.

ఇంట్లో "లావయ్యావే, అన్నం తగ్గించు" అంటుంటే అమ్మానాన్నల్నీ ఒక సెషన్‌కి పిలవాల్సిందే. బరువు వారానికి ఒక్కసారి, మీ దగ్గరే చూడండి.

బ్రాడీపేట సైకాలజిస్ట్:
అవునండీ. ఇంకొకటి: తిన్నది కక్కుకుంటున్నా, చనిపోవాలనిపిస్తోందన్నా ఎక్సర్‌సైజ్ పక్కనపెట్టి ముందు సైకియాట్రిస్ట్‌కి చూపించండి. రాత్రిపూటైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.